డీజే కుర్రాడి తరఫున వకాల్తా

“అందులో ఏముందండీ, బటన్ నొక్కితే పాట వచ్చేస్తుంది.” పెళ్లి పందిట్లో పక్క కుర్చీ పెద్దమనిషి ఈ మాట అంటాడు. ఆరాధనోత్సవాల వేదిక మీద శాలువా కప్పించుకున్న విద్వాంసుడూ అంటాడు. వినాయక చవితి వెళ్లిన మర్నాడు పత్రికలకి ఉత్తరాలు రాసేవాళ్లయితే ఇంకో రెండు మాటలు కలుపుతారు: అది సంగీతం కాదు, రణగొణ ధ్వని; అదొచ్చాకే మన జానపదం చచ్చిపోయింది. ఈ మూడూ ఎంత స్థిరపడిపోయాయంటే ఎవరూ ఎదురు చెప్పరు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ డీజే పాట చేసే కుర్రాడు కూడా ఎదురు చెప్పడు. ఇంట్లోవాళ్లు అడిగితే “ఏదో టైంపాస్” అనేసి ఊరుకుంటాడు. నేను ఊరుకోదలచుకోలేదు. ఈ మూడు మాటల్లో మొదటిది అజ్ఞానం, రెండోది చిరునామా తప్పిన ఫిర్యాదు, మూడోది చరిత్ర తెలియని శోకం.

మాకవరపాలెం లాంటి ఊరు సంగతి తీసుకోండి. నిన్న మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. చెరకు, జీడితోటలు. రాచపల్లి దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీ. తామరం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ. ఈ చివరిదే మన కథకి ముఖ్యం. ఆ చుట్టుపక్కల ఇళ్లలోకి ల్యాప్‌టాప్ వచ్చింది బీటెక్ పేరు చెప్పి. అందులోకి పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో వచ్చింది ఎవరికీ చెప్పకుండా. ఈ వైపు పల్లెల్లో స్టూడియోలు లేవు, పాఠం చెప్పే గురువులూ లేరు. చవితికీ, గౌరీ పరమేశ్వరుల సంబరానికీ, పెళ్లి ఊరేగింపుకీ మోగే పాట మాత్రం ఎవరో ఒకరు ఇలాంటి ఇంట్లోనే, రాత్రి భోజనాలయ్యాక, తలుపు దగ్గరగా వేసుకుని చేసి ఉంటారు.

ముందు ఆ బటన్ సంగతి తేలుద్దాం.

ఊడుపుల్లో పాడే ఒక పాటని ఆ కుర్రాడి నాయనమ్మ చేత పాడించి ఫోన్‌లో రికార్డు చేశాడనుకోండి. ఆవిడ పాడేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, లేకపోతే ఆ గిరగిర పాట నిండా ఉంటుంది. ఉక్కపోతలో ఆవిడ రెండు చరణాలు పాడుతుంది. తన ఇష్టమొచ్చిన చోట ఊపిరి తీసుకుంటుంది, మనసైన చోట సాగదీస్తుంది. మొదటి చరణం నడక ఒకటి, రెండో చరణం నడక ఇంకొకటి. మనిషి గొంతు గడియారం కాదు. డాన్స్ పాటలో కిక్ అనే డ్రమ్ దెబ్బ మాత్రం గడియారమే. నిమిషానికి 120 దెబ్బలంటే 120. ఈ రెండింటికీ పొత్తు కుదర్చాలి. సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పి మొత్తం గొంతుని దెబ్బకి బిగించేస్తే ఆవిడ పాట ప్రాణం పోయి రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ అయిపోతుంది. అందుకని ప్రతి పాదాన్నీ విడివిడిగా కోసి, ఏ అక్షరం దెబ్బ మీద పడాలో, ఏది దెబ్బకి కాస్త వెనకబడి సాగాలో చెవితో తేల్చుకుని, మౌస్‌తో పక్కకి జరుపుతూ కూర్చోవాలి.

గుమ్మంలోంచి పెదనాన్న అడుగుతాడు: “ఏట్రా గుంటా, బంగారం లాంటి పాటని అలా నరికేత్తన్నావు?”

“నరకడం కాదు పెదనాన్నా, అతుకుతన్నాను.”

అంతటితో అవలేదు. నాయనమ్మ శ్రుతి పెట్టె ముందు పెట్టుకుని పాడలేదు. ఆవిడ షడ్జం హార్మోనియం మీద ఏ మెట్టుకీ సరిగ్గా కూర్చోదు, రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంటుంది. ఆ గొంతు కింద కీబోర్డు స్వరాలు పెడితే రెండూ ఒకదాన్నొకటి కొరుకుతాయి. ఇక్కడ రెండు దారులు. ఆవిడ గొంతుని యంత్రం శ్రుతికి లాగెయ్యడం ఒకటి. ఆటోట్యూన్ చేసేది అదే, స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఆ జారుడంతా ఇస్త్రీ చేసినట్టు పోతుంది. రెండోది యంత్రాన్నే ఆవిడ శ్రుతికి దించడం. ఒక మెట్టుకీ దాని పక్క మెట్టుకీ మధ్య నూరు సెంట్లు ఉంటాయి. ముప్ఫైయ్యో నలభయ్యో సెంట్లు సింథసైజర్‌ని తగ్గించి ఆవిడ దగ్గరికి తీసుకురావచ్చు. ఈ రెండో దారి ఎంచుకున్న కుర్రాడికి సంగీత జ్ఞానం లేదంటారా? మనకి రోజూ వినపడే ఎన్నో ఖరీదైన పాటలు మొదటి దారినే పోతున్నాయి, వాటికి మాత్రం అవార్డులిస్తున్నాం.

ఇక నడక. మన పల్లె పాటలు చాలావాటికి మూడేసి మాత్రల నడక. మృదంగం వాళ్లు తిశ్రగతి అంటారు. ఎఫ్‌ఎల్ స్టూడియో తెరవగానే కనిపించే గళ్లు ప్రతి దెబ్బనీ నాలుగు ముక్కలు చేసి ఉంటాయి, ఎందుకంటే అది పుట్టింది ఆ నాలుగుల ప్రపంచంలో. తెలియనివాడు ఊడుపుల పాటని ఆ నాలుగు గళ్లలో కూరితే పాట కుంటుతుంది. తెలిసినవాడు గళ్లని మూడుగా మార్చుకుంటాడు. కింద నాలుగు దెబ్బల కిక్ నడుస్తుంది, పైన మూడేసిగా పాట ఊగుతుంది. ఆదితాళంలో తిశ్రం పడినప్పుడు కచేరీలో తలలూపుతామే, సరిగ్గా అదే. చదువుకున్న శ్రోతకి అక్కడ తల ఊగుతుంది, చదువు లేని శ్రోతకి ఇక్కడ ఒళ్లంతా ఊగుతుంది. ఈ రెండో ఊపుని తక్కువ చేసి చూడటం మన సంగీత విమర్శకి పాత రోగం.

కిక్‌కీ బేస్‌కీ మధ్య తగవు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డాన్స్ పాట కష్టమంతా అక్కడే ఉంది. రెండూ 50 హెర్ట్జ్ అటూ ఇటూ ఉండే లోతులోనే బతుకుతాయి. రెండూ ఒకేసారి మోగితే ఏదీ వినపడదు, బాక్సు మాత్రం బురబురలాడుతుంది. అందుకని కిక్ పడిన క్షణంలో బేస్ తలవంచి తప్పుకుని, కిక్ అయిపోగానే మళ్లీ లేచేలా కట్టాలి. సైడ్‌చెయిన్ అంటారు. ఆ తప్పుకోవడం సెకనులో పదో వంతా, ఇంకా తక్కువా అన్నదాని మీదే జనం కాళ్లు లేస్తాయా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది. ఇంత చేసినా ల్యాప్‌టాప్ స్పీకరులో ఆ లోతు వినపడనే వినపడదు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్‌లో ఒకలా, గది మూలలో ఇంకోలా ఉంటుంది. మూలల్లో బేస్ పోగుపడుతుంది, అది నమ్మి తగ్గిస్తే బయట మైదానంలో గోడల్లేని చోట పాట పీలగా తేలుతుంది. మంచాల మీది బొంతలు తెచ్చి గోడలకి వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది గానీ ఈ బేస్ తగ్గదు. చివరికి తెలిసినవాడి ఆటోలో పెన్‌డ్రైవ్ పెట్టి వింటారు. అక్కడ సరిపోతే ఫోన్‌లో వింటారు. ఫోన్ స్పీకరుకి ఆ లోతు పలికే శక్తే లేదు కాబట్టి, బేస్‌కి కాస్త గరుకు పట్టించి పై స్వరాలు పుట్టిస్తారు. వాటిని పట్టుకుని చెవి లేని మంద్రాన్ని తనే ఊహించుకుంటుంది. మనిషి చెవికున్న ఈ అలవాటు భౌతికశాస్త్రం పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువ. ఆటోల్లోనూ ఫోన్లలోనూ పాటని పరీక్షించి తెలుసుకున్నవాళ్లే ఎక్కువ.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఎఫ్‌ఎల్ స్టూడియో డబ్బు కట్టకుండా వాడుకునే ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి, పాటని రెండర్ చేసుకోవచ్చు, సేవ్ కూడా చేసుకోవచ్చు. సేవ్ చేసినదాన్ని మళ్లీ తెరవడం మాత్రం కొన్నాకే. అంటే కొనలేనివాడు లేవకుండా కూర్చుని పాట పూర్తి చెయ్యాలి, లేదా ముక్కలు ముక్కలుగా రెండర్ చేసి మర్నాడు ఆ ముక్కలతోనే మళ్లీ కట్టుకోవాలి, నిన్న పెట్టిన బేస్ నచ్చకపోయినా దాన్ని విప్పలేడు. ఈలోపు కరెంటు పోవచ్చు. దొంగ కాపీలు వాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అది తప్పే, దాన్ని వెనకేసుకు రాను. కానీ ఈ ట్రయల్ క్రమశిక్షణలో పని నేర్చుకున్నవాడి దగ్గరికి వెళ్లి “బటన్ నొక్కితే పాట” అనడానికి ధైర్యం కావాలి.

నిజానికి అలాంటి బటన్ ఇప్పుడు వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే గొంతుతో సహా పాట వడ్డించే యాప్‌లు ఫోన్లలో ఉన్నాయి. మన పెద్దలు ఆ నింద అంతా ముందే ఈ కుర్రాళ్ల మీద ఖర్చు పెట్టేసుకున్నారు కాబట్టి అసలు బటన్ వచ్చేసరికి వాళ్ల దగ్గర మాటలు మిగల్లేదు. యాప్ పాటకీ కుర్రాడి పాటకీ తేడా చెప్పగలిగిన చెవి ఎవరికుందో మాత్రం నాకు తెలుసు.

“యంత్రంతో చేసింది సంగీతమెలా అవుతుంది” అనేవాళ్లకి కొంచెం వెనక్కి చూపించాలి. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ వచ్చింది తెల్లవాళ్ల బ్యాండుల దగ్గర్నుంచి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితులు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఇరవయ్యో శతాబ్దానికల్లా మా ఉత్తరాంధ్రలో విజయనగరం అంటే ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ అయింది. హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో గుమ్మం దగ్గరే ఆపేసి, మూడు దశాబ్దాల తర్వాత గానీ తలుపు తియ్యలేదు. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కచేరీకి కూర్చుంటే అది మన వాద్యమేనా అని నొసలు చిట్లించినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. శ్రీనివాస్ గుర్తున్నాడు.

సినిమా పాట సంగతి వేరే చెప్పాలా? ఇళ్లలో చేసే సంగీతం చిన్నచూపుకి తగినదైతే ‘రోజా’ పాటల్ని కూడా చిన్నచూపు చూడాలి. ఒకప్పుడు మన రాజ్–కోటి దగ్గర కూడా కీబోర్డు వాయించిన రెహమాన్, చెన్నైలో తన ఇంటి ఆవరణలో కట్టుకున్న స్టూడియోలో సింథసైజర్ల మధ్య కూర్చుని 1992లో చేసిన పాటలవి. ఇవాళ ఏ తెలుగు సినిమా పాటకైనా కీబోర్డు ప్రోగ్రామింగ్ అని ఎవరి పేరో ఉంటుంది చూడండి. మాకవరపాలెం కుర్రాడి తెర మీద కనిపించేలాంటి గళ్లే అక్కడా ఉంటాయి. గళ్లు ఒకటే అయినప్పుడు ఒకడు సంగీత దర్శకుడూ ఒకడు టైంపాస్ గాడూ ఎలా అయ్యారో, తేడా పనితనంలో ఉందో పోస్టరులో ఉందో, ఆ లెక్క ఎవరైనా చెప్పాలి.

ఇంకా విచిత్రం, ఈ రకం సంగీతం ప్రపంచంలో ఎక్కడ పుట్టినా ఇలాంటి చోట్లే పుట్టింది. రోలాండ్ కంపెనీ వాళ్ల టీబీ-303 అనే వెండి రంగు పెట్టె ఒంటరిగా గిటార్ సాధన చేసుకునేవాళ్లకి బేస్ తోడుగా ఉంటుందని చేశారు. ఎవరికీ నచ్చలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంటే షికాగో నల్లజాతి కుర్రాళ్లు కొనుక్కుని, తయారుచేసినవాడు ఊహించని వైపు దాని బిరడాలు తిప్పారు. 1987లో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ వచ్చింది, అక్కడి నుంచి యాసిడ్ హౌస్ అనే ఒక సంగీత శాఖే లేచింది. అంతకు ఐదేళ్ల ముందే మన బొంబాయిలో, సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెనీ రోలాండ్ వాళ్లదే టీఆర్-808 డ్రమ్ మెషిన్‌నీ ఇంట్లో పెట్టుకుని సాధన చేసి, పది రాగాలని డిస్కో దెబ్బ మీద నడిపిస్తూ 1982లో ఒక ఎల్‌పీ రికార్డు చేశాడు. మనం పట్టించుకోలేదు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 2010లో ఐరోపా వాళ్లు మళ్లీ విడుదల చేసి “అరె, యాసిడ్ హౌస్ మీ దగ్గర ముందే ఉందే” అని నోరెళ్లబెడితే అప్పుడు మన పత్రికలు ఫోటో వేశాయి. టెక్నో పుట్టింది డెట్రాయిట్ అంటారు గానీ, దాన్ని మొదలెట్టిన ముగ్గురు స్నేహితులు చదువుకున్నది ఆ నగరానికి దూరంగా ఉన్న బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో. ఎఫ్‌ఎల్ స్టూడియో కూడా 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ పేరుతో డ్రమ్స్ వాయించుకునే బొమ్మలాగే మొదలైంది. దాన్ని బొమ్మ అనేవాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు.

ఇక రెండో ఆరోపణ: రణగొణ ధ్వని. ఇందులో బాధ నిజం. గుండె జబ్బున్న మనిషి ఇంటి ముందు బాక్సులు దద్దరిల్లుతుంటే ఆ ఇంటి వాళ్లకి సంగీత చర్చ చెప్పలేం. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే బాక్సుల్ని నిషేధించారు కూడా. నాకు అభ్యంతరం లేదు. కానీ ఇందులో మనుషులు ముగ్గురు. వ్యాన్ మీద బాక్సులూ జనరేటరూ లైట్లూ పెట్టి అద్దెకిచ్చేవాడు ఒకడు. ఊరేగింపులో దాని ముందు నిలబడి పాట తర్వాత పాట మారుస్తూ “చేతులెత్తండి” అని అరిచేవాడు ఒకడు. మూడోవాడు రెండు నెలల కిందట ఇంట్లో కూర్చుని ఆ పాట చేసినవాడు; ఊరేగింపు రోజున వాడు బహుశా జనంలో వెనకాల ఎక్కడో ఉంటాడు, లేదా సెమిస్టర్ పరీక్షకి చదువుకుంటూ ఉంటాడు. వాల్యూమ్ బిరడా మొదటి ఇద్దరి చేతుల్లో ఉంది. వాళ్ల వెనక కమిటీ ఉంది, పక్క వీధి కమిటీ కంటే మనది ఎక్కువ మోగాలని పట్టుబట్టేది ఆ కమిటీయే. ఆ కమిటీలో ఉన్న పెద్దమనిషే మర్నాడు కుర్రాళ్ల సంగీతం పాడైపోయిందని వాపోతాడు. అదే బాక్సుల్లో సుప్రభాతం పెట్టినా కిటికీలు అంతే అదురుతాయి, అప్పుడు భక్తి సంగీతం మీద ఎవరూ కేసు పెట్టరు.

మూడోది, జానపదాన్ని చంపేసిందన్నది. దీనికి జవాబు చెప్పేటప్పుడు కొంచెం నిదానించాలి, ఎందుకంటే ఇక్కడ నష్టపోయినవాళ్లు నిజంగా ఉన్నారు. డప్పు వాయించి బతికే కుటుంబాలకి దొరికే పిలుపుల్ని డీజే వ్యాన్ తినేసింది. కమిటీ చందాల్లో వాళ్లకిచ్చే వాటా బాక్సుల అద్దెలోకి పోయింది. ఇది కూలి సమస్య, కులం సమస్య కూడా. కానీ దీన్ని కళ చచ్చిపోవడం కింద కట్టి ఏడ్చేవాళ్లు, సన్నాయి మేళాన్ని బ్యాండు మేళం పక్కకి నెట్టినప్పుడు ఎక్కడున్నారు? జముకుల కథ జరిగే చోట రికార్డింగ్ డాన్సులు దిగినప్పుడు? తాటాకు పందిరికి కట్టిన లౌడ్‌స్పీకరులో సినిమా రికార్డులు వచ్చినప్పుడు? జానపదం మీద దెబ్బలు వరసగా పడుతూ వచ్చాయి, చిట్టచివరికి వచ్చినవాడు దొరికిపోయాడు.

పైగా ఆ చివర వచ్చినవాడు మోసుకొచ్చిందేమిటి? 2020లో ‘పలాస 1978’ సినిమాతో బయటికొచ్చిన ‘నక్కిలీసు గొలుసు’ ఉత్తరాంధ్ర బాణీ. అది తెర దిగాక కూడా తెలుగు నేలంతా బతికింది డీజే రీమిక్సుల్లో. తప్పెటగుళ్ల దెబ్బని కంప్యూటర్‌లోకి తీసుకుని చూడండి. రొమ్ముకి కట్టుకున్న తప్పెట మీద రెండు చేతుల దెబ్బా, కాలి గజ్జెల చప్పుడూ, మనిషి గంతూ ఒకే క్షణంలో పడవు, వెంట్రుకవాసి వెనకా ముందూ పడతాయి. విదేశీ లూపుల్లో ఆ తేడా ఉండదు. ఆ వెంట్రుకవాసిని చెరిపెయ్యకుండా దాని చుట్టూ పాట కట్టాలంటే తప్పెటగుళ్లు తెలిసినవాడై ఉండాలి, లేదా తెలిసినవాడి ఇంటికి వెళ్లి మంచినీళ్లు తాగి వినాలి. ఆ పని చేసేది మన జానపద అకాడమీలు కాదు, ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాళ్లే. అందరూ చెయ్యరు. చాలామంది ఎక్కడిదో ఒక లూపు అన్ని పాటల కిందా తోసేస్తారు, వాళ్ల పాటలు వింటే నాకూ తలనొప్పే. చెత్త కచేరీలు విని కచేరీనే రద్దు చేద్దామని ఎవరైనా అన్నారా?

ఈ కుర్రాళ్ల మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే. పాట మధ్యలో, మంచి చోట, హఠాత్తుగా ఒక గొంతు అరుస్తుంది: డీజే ఫలానా, ఫ్రమ్ ఫలానా ఊరు. పట్నం చెవికి అది మోటు. నాకు కాదు. మువ్వ అనే పల్లె పేరు ఇవాళ్టికీ ప్రపంచానికి తెలుసంటే క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాల ముద్ర వేసుకున్నాడు కాబట్టి. ఊరి పేరు పాటలో పెట్టుకునే హక్కు క్షేత్రయ్యకుంటే వీళ్లకీ ఉంది. మాకవరపాలెం పేరు ఏ సంగీత చరిత్రలోనూ లేదు. ఒక ఎంపీ3లో అయినా ఉండనీ. నా పేచీ ఏమిటంటే, ఆ ముద్రలో పాడిన మనిషి పేరుండదు. ఊడుపుల పాట ఎవరి సొత్తూ కాదు నిజమే, కానీ ఆ రికార్డులో ఉన్న గొంతు ఒక మనిషిది. చట్టం కూడా పాడినవాళ్లకి హక్కుందనే అంటుంది. తమని ఎవరూ కళాకారులుగా లెక్కెయ్యరని బాధపడేవాళ్లు, నాయనమ్మనీ డప్పు మావయ్యనీ లెక్కలోకి తీసుకోకపోతే ఎలా? ఆవిడ పేరు కూడా అదే అరుపుతో వెయ్యండి. డప్పు రికార్డు చేసుకున్న రోజు ఊరేగింపుకిచ్చే కూలి ఇచ్చి పంపండి.

ఆ కూలి ఎక్కడి నుంచి తెస్తారని వాళ్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. చవితి కమిటీ పద్దు పుస్తకం తీసి చూడండి: విగ్రహం, పందిరి, బాక్సుల అద్దె, జనరేటరుకి డీజిల్, లైట్లు, ప్రసాదం, వ్యాన్ డ్రైవరు భోజనం. డ్రైవరు భోజనం దాకా వచ్చిన ఆ పద్దులో పాట చేసినవాడికి ఒక గీత లేదు, పాడినావిడకీ వాయించినవాడికీ అసలు లేదు. ముందు ఆ గీత గియ్యండి. వాళ్లు చేసింది సంగీతమా కాదా అన్న వాదన ఆ తర్వాత ఎన్నాళ్లు నడిపినా నేను సిద్ధమే.